ఏటా ఇక్కడికే వస్తాం

“ఆరో నంబరు గదిలో దిగినావిడ కంటపడకు. పడ్డా మాస్కు మాత్రం తీయకు,” అన్నాడు మేనేజరు, లాడ్జి మెట్ల దగ్గర ఆపి.

“గది ఊడవద్దా సార్?”

“ఊడువు. మొహం కనపడకుండా ఊడువు. నీ మొహం ఊరూరా అతికించి, ఇప్పుడు ఇక్కడ దాచుకోవాల్సొచ్చింది. నా ఖర్మ.”

ఆమె తలెత్తకుండానే కౌంటరు వెనక గోడని చూసింది. అక్కడ పోస్టరు ఉంది. సరస్సు, పడవ, పడవలో నవ్వుతూ తనూ, తన ఐదేళ్ళ కూతురూ. కింద పెద్ద అక్షరాలు: ‘మేం ఏటా ఇక్కడికే వస్తాం. ఈసారీ వచ్చాం. భయం లేదు.’

మహమ్మారి తర్వాత ఊరికి మళ్ళీ జనాన్ని రప్పించమని ప్రభుత్వం ప్రచారానికి డబ్బిచ్చింది. తీరా ఫొటో తీద్దామంటే ఊళ్ళో ఒక్క టూరిస్టూ లేడు. పర్యాటక ఆఫీసు వాళ్ళు అటూ ఇటూ చూసి, లాడ్జిలో గదులు ఊడ్చే ఈమెకే మంచి బట్టలిచ్చి పడవలో కూర్చోబెట్టారు. పడవ తాడు విప్పనే లేదు. ఫొటో అయిపోయింది దిగండంటే కూతురు ఒకటే ఏడుపు. “ఇంకా కదల్లేదు కదమ్మా.”

ఇన్నాళ్ళకి, నిన్న సాయంత్రం మొదటి అతిథులు దిగారు. ఒక తల్లీ, ఏడేళ్ళ పాపా. ఇవాళ పదకొండింటికి ఆఫీసు వాళ్ళొచ్చి వాళ్ళతో వీడియో తీస్తారట. అది చూసి జనం వస్తే సరే, రాకపోతే నెలాఖరుకి తాళం వేసేస్తానని లాడ్జి యజమాని చెప్పేశాడు.

ఆరో నంబరు గది తలుపు కొట్టబోయి ఆగింది. లోపల పాప దగ్గుతోంది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ఆరు నెలలపాటు రోగుల్ని ఉంచింది ఈ గదిలోనే. అన్నం పొట్లం గడప దగ్గర పెట్టి పరుగెత్తేది తను. ఇంటికెళ్ళి తలస్నానం చేసేదాకా కూతుర్ని దగ్గరికి రానిచ్చేది కాదు. అలాంటిది, ఇంకో తల్లికి ‘భయం లేదు’ అని చెప్పింది తన మొహమే.

తలుపు కొట్టింది. ఆవిడే తీసింది.

“గది ఊడుస్తాను మేడం.”

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, మేడం ఇంకెవరో ఉన్నట్టు. “ఆఁ, రండి,” అంది.

లోపల ఊడవడానికి ఏమీ లేదు. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. నాలుగు మూలలూ కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి దోపి ఉన్నాయి. చెత్తసంచి మూతి కట్టి తలుపు పక్కన పెట్టి ఉంది. కుళాయి కూడా తళతళలాడుతోంది.

ఆమెకి ప్రాణం చివుక్కుమంది. “మేం ముట్టుకుంటే భయమా మేడం? నేను శుభ్రంగానే చేస్తాను.”

“అయ్యో, అందుకు కాదు. ఊరికే కూర్చోడం చేతకాక.”

పాప మళ్ళీ దగ్గింది.

“ఎప్పట్నించి?”

“నిన్నట్నించే. బస్సులో కిటికీ మూయనిస్తేగా మహాతల్లి.”

ఆమె అడక్కుండానే వెళ్ళి పాప నుదుటి మీద చెయ్యి వెనకవైపు ఆనించింది. చల్లగానే ఉంది. అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు. పాప కిందనుంచి ఆమె కళ్ళలోకే చూస్తోంది.

“అమ్మా, పడవలో ఆంటీ.”

“ఛ, ఈవిడ కాదు.”

“ఈవిడే. కళ్ళు చూడు.”

మేనేజరు మాట గుర్తుంది. నెలాఖరూ గుర్తుంది. అయినా చెయ్యి దానంతటదే పైకి వెళ్ళి మాస్కు తీసేసింది.

“నేనే మేడం. నేను టూరిస్టుని కాను, ఈ గదులు ఊడ్చేదాన్ని. ఏటా రావడం అబద్ధం. ఆ పడవ గుంజకి కట్టేసుంది. భయం లేదన్నది వాళ్ళు రాసుకున్నది, నాకు చచ్చేంత భయం. ఇదే గదిలో రోగుల్ని పెట్టారు. నా కూతుర్ని ఇప్పటికీ ఈ మెట్లు ఎక్కనివ్వను. మీరు నన్ను నమ్మి పిల్లని వెంటేసుకొచ్చారు. తీసుకెళ్ళిపోండి మేడం. మేనేజరుతో నేను చెప్పుకుంటాను.”

“మరి నీ పని?”

“పోతే పోయింది.”

“మీ ఆయన?”

“టాక్సీ నడుపుతాడు. టూరిస్టులు ఉంటేనే డ్రైవరు. లేకపోతే మా అత్తయ్యకి కొడుకు.”

నవ్విద్దామనే అంది. ఆవిడ నవ్వలేదు.

పాప కాలు తగిలి దుప్పటి మూల ఒకటి ఊడింది. ఆవిడ అటు చూడకుండానే వంగి, ఒంటిచేత్తో దాన్ని మడిచి, మణికట్టుతో ఒక్క తోపు తోసింది. మూల మళ్ళీ కవరులా కూర్చుంది.

“మాస్కు పెట్టేసుకో చెల్లీ,” అంది మెల్లగా. “పదకొండింటికి కెమెరా ముందు, ‘పోస్టరులో ఆ తల్లిని చూసి ధైర్యం చేసి వచ్చాం’ అని నేను చెప్పాలి. వాళ్ళు రాసిచ్చింది నాలుగు రోజులుగా బట్టీ పడుతున్నాను. నువ్వు నిజంగానే ఏటా వస్తావనుకుని, నిన్ను తల్చుకుని ఇన్నాళ్ళూ సిగ్గుతో చచ్చిపోయాననుకో. మా ఊళ్ళో నేను ఊడ్చేదీ లాడ్జి గదులే.”