తుడిచేసిన డిస్కో

“ఆ డిస్కో వీడియో మళ్లీ పెట్టు జెబా!” ఇళంగో కూతురి చేతులు పట్టుకుని బతిమాలాడు.

“తమాషాకి నెట్లో పెట్టాను నాయనా. నీ మెరుపుల ప్యాంటు చూసి మన పోదనూరు కుర్రాళ్లంతా వెక్కిరిస్తుంటే సిగ్గేసి తీసేశాను. ఫోన్లోనూ లేదు.”

“అసలు క్యాసెట్టు?”

“బూజు పట్టిందని పారేశాను.”

ఇళంగో గోడకానుకుని కూలబడ్డాడు.

“నవ్వితే నవ్వనీ కణ్ణూ. నా పక్కన చప్పట్లు కొడుతూ ఆడింది మీ అమ్మ. ఆమె కదలడం కనిపించేది అందులో ఒక్కదాంట్లోనే.”

జెబమలర్ పుట్టిన రోజునే అమ్మ చనిపోయింది. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా జెబా నాయన ప్యాంటునే చూసింది.

ఫోన్ తీసి, వెక్కిరించిన ఒక్కొక్కరికీ రాయసాగింది: “అణ్ణా, ఆ వీడియో మీ దగ్గరుందా? అందులో మా అమ్మ ఉంది.”