పన్నెండో నెంబరు

"చిన్నదానికి పాలరాయి, మాకు నల్లరాయా?" అంటూ పెద్దకూతురు సఫియ కుర్చీలోంచి లేచి నిలబడింది.

కేరళ తలశ్శేరిలో నబీసుమ్మ ఇంటి హాల్లో గోడకి తెర కట్టి, దాని మీద కట్టబోయే ఇళ్ళ బొమ్మలు వేసి ఉన్నాయి. ముగ్గురు కూతుళ్ళకీ ఒకే ఆవరణలో మూడు ఇళ్ళు కట్టిస్తోంది నబీసుమ్మ. అక్కడి ఆనవాయితీ ప్రకారం అల్లుళ్ళు వచ్చి ఉండేదీ ఆ ఇళ్ళలోనే. అల్లుళ్ళ కొలతలు మేస్త్రీ కొలతల కన్నా కచ్చితం కాబట్టి, గడప నుంచి గచ్చు దాకా మూడూ ఒకేలా ఉండాలని మొదటిరోజే ఖరాఖండిగా చెప్పింది. తీరా తెర మీద చూస్తే రెండిళ్ళ గచ్చు నల్లగా ఉంది, చిన్న కూతురి ఇంటిది తెల్లగా మెరిసిపోతోంది.

ఆర్కిటెక్ట్ శ్రీజ గబగబా తెర ముందుకి వచ్చింది.

"పొరపాటు సఫియక్కా! మూడిళ్ళూ మా ఆఫీసులో ముగ్గురు మూడు ఫైళ్ళలో గీశారు. నేను వాటిని ఒక్కదానికి లింకు చేశాను. రాళ్ళకీ రంగులకీ నెంబర్లుంటాయి. గచ్చుకి ముగ్గురూ పన్నెండే వేశారు. పన్నెండో నెంబరంటే రెండు ఫైళ్ళలో నల్ల గ్రానైటు, మూడోదాంట్లో ఇటలీ పాలరాయి. అంతే!"

"తప్పడానికి కంప్యూటరుకి కూడా చిన్నల్లుడి ఇల్లే దొరికిందా?" అన్నాడు పెద్దల్లుడు హంజ, ముందున్న ఉన్నక్కాయల పళ్ళెం పక్కకి తోసేస్తూ. అరటిపండు ముద్దలో కొబ్బరి కూరి, అత్తగారు పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడి వేయించినవి అవి. రెండో అల్లుడు ఫోన్లోంచి తలెత్తలేదు. చిన్నల్లుడు నౌఫల్ మాత్రం ఈ గొడవ పక్కింటిదైనట్టు నాలుగో ఉన్నక్కాయ అందుకుని, అత్తగారి వైపు తిరిగి, "ఉమ్మా, ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

నబీసుమ్మ, ఎప్పుడూ కూతురిలా 'మోళే' అని పిలిచే శ్రీజ మీద విరుచుకుపడింది.

"నెంబర్ల కథలు నాకు చెప్పకు మోళే! ఒక కంటికి వెన్న, ఇంకో కంటికి సున్నం పెట్టేదాన్నా నేను? అందరి ముందూ ఇప్పుడే సరిచెయ్యి. లేదంటే పెట్టె సర్దుకో. ఇళ్ళు గీసేవాళ్ళకి ఈ ఊళ్ళో కరువా?"

సొంత ఆఫీసు పెట్టాక శ్రీజకి దొరికిన మొదటి పెద్ద పని ఇదే. ఇది పోతే ఆ గీసిన ముగ్గురినీ ఇంటికి పంపెయ్యాల్సిందే. గబగబా ఫైళ్ళు తెరిచి, ఎవరి రాళ్ళ జాబితా వాళ్ళది తీసేసి, మూడింటికీ ఒకే జాబితా ఎక్కించింది. తెల్ల గచ్చు కాస్తా నల్లబడింది.

"జాబితాకి తాళం వేశాను. ఇక నేను తప్ప ఎవరూ మార్చలేరు."

సఫియ తెర దగ్గరికి వెళ్ళి మూడు గచ్చులూ, పనిలో పనిగా మూడు గుమ్మాలూ పోల్చి చూసుకుని కూర్చుంది. హంజ చల్లబడ్డాడు. పళ్ళెం మాత్రం దగ్గరికి లాక్కోలేదు. నబీసుమ్మ కాగితాల మీద సంతకం పెట్టేసింది.

బతుకు జీవుడా అనుకుంటూ శ్రీజ గేటు దాకా వచ్చేసరికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. నబీసుమ్మే. ఉన్నక్కాయల పొట్లం చేతిలో పెట్టి, ఇంటి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"తాళం నీ దగ్గరే కదా మోళే?"

"నా దగ్గరే ఉమ్మా. వెంట్రుకవాసి తేడా రానివ్వను."

"కాగితాల్లో రానివ్వకు. కట్టేటప్పుడు చిన్నదానింట్లో ఆ తెల్లరాయే వేయించు. ఎవరైనా అడిగారనుకో, పన్నెండో నెంబరు తప్పిందని చెబుదాం."