దూది మెత్త

మా చెల్లి మళ్ళీ లేపింది. క్యాన్సరని తన రొమ్ము తీసేసిన దగ్గర్నుంచీ ప్రతి రాత్రీ ఇదే గోల. డాక్టరమ్మ ఆందోళన అని మాత్రలిచ్చింది. మాత్ర మింగి మరీ లేపుతుంది.

"అక్కా, గడ్డ తగులుతోంది."

రొమ్ముకు బదులుగా జాకెట్టు లోపల పెట్టుకొమ్మని నేను కుట్టిచ్చిన దూది మెత్తను నా చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"దూదికి గడ్డేంటే?"

నొక్కాను. బఠాణీ గింజంత తగిలింది.

"దూది ఉండ కట్టింది, అంతే."

కుట్లు విప్పి దూదంతా ఏకాను. ఎక్కడా ఉండ లేదు. మళ్ళీ నింపి, కుట్టి, నొక్కాను. అదే చోట ఉంది.

"చెప్పానా," అని చెల్లి అటు తిరిగి పడుకుంది. నిమిషంలో గురక.

నా రెండో చెయ్యి అప్పటికే నా రొమ్ము మీద వెతుకుతోంది.