గుండె మీద చెయ్యి

సొరంగం కూలిన చప్పుడు ఆగేసరికి లోపల ఇద్దరే చిక్కుకుపోయారు. మేస్త్రీ, ఆ పొద్దునే పనిలో చేరిన ఒక పెద్దాయన.

అటూ ఇటూ మట్టే. చిమ్మచీకటి.

పొద్దున పని పురమాయిస్తుంటే పెద్దాయన కన్నార్పకుండా మేస్త్రీ నోటివంకే చూశాడు. తిక్కమనిషిలా ఉన్నాడే అనుకున్నాడు మేస్త్రీ. ఇప్పుడు చచ్చినా బతికినా ఆ తిక్కమనిషితోనే.

"బయటవాళ్ళు ఎటునుంచి తవ్వుతున్నారో." మేస్త్రీ చీకట్లో గోడ తడిమాడు. "మనం రెండోవైపు తవ్వామా, మిగిలిందీ మీద పడుతుంది."

ఒక అరచెయ్యి తడుముకుంటూ వచ్చి అతని గుండె మీద ఆనింది.

పెద్దాయన పాట అందుకున్నాడు. శ్రుతీ లేదు, పాడూ లేదు.

"పాడకయ్యా. ఉన్న కాస్త గాలీ అయిపోతుంది."

గోడకి చెప్పుకున్నట్టే ఉంది. పాట ఆగలేదు.

మేస్త్రీకి ఏడుపొచ్చింది. భయంతో గుండె దడదడలాడుతోంది. చెవుల నిండా ఆ దడే. చెయ్యి తోసేశాడు. అది మళ్ళీ వచ్చి అక్కడే ఆనింది. పాట నెమ్మదించింది. చాలాసేపటికి అతని ఊపిరీ దాని వెంటే నడిచింది.

అప్పుడు పాట ఆగింది.

"గుండె గోల తగ్గింది," అన్నాడు పెద్దాయన. "ఇక విను నాయనా. పైవాడు ఎప్పుడూ చెబుతూనే ఉంటాడు. మన గోలలో మనకే వినపడదు."

మేస్త్రీ విన్నాడు. ముందు ఏమీ లేదు. కానీ ఆ నిశ్శబ్దంలో ఎవరో తోడున్నట్టనిపించింది. తర్వాత, ఎక్కడో దూరంగా, టక్. టక్.

కుడివైపు.

మేస్త్రీ పెద్దాయన చెయ్యి పట్టుకుని అటు లాగాడు. ఇద్దరూ గునపాలతో తవ్వారు. చివరికి కంత పడింది. పెద్దాయన అతన్నే ముందు తోశాడు.

మేస్త్రీ బయటపడి వెనక్కి తిరిగాడు. ఎవరిదో టార్చి వెలుగులో, కంత మీది బండ కదులుతోంది.

"ఆగు పెద్దాయనా! వెనక్కి జరుగు."

గొంతు చించుకుని అరిచాడు. పెద్దాయన నవ్వుతూ పాక్కుంటూ వచ్చాడు. బండ పడింది.

సాయంత్రం ఆయన భార్య వచ్చింది. మేస్త్రీ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఆగమని అరిచానమ్మా. నాకు ప్రాణం పోసినవాడు నా ఒక్క మాట వినలేదు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నీ మొహం ఆయనకి కనపడిందా బాబూ?"

"లేదమ్మా. టార్చి ఆయన కళ్ళలో పడుతోంది."

"అయితే తెలిసుండదులే. పెదాలు చూసే మాట పట్టుకునేవాడు. చెవులు పోయి తొమ్మిదేళ్ళయింది."