ఎసెన్‌కుల్ దరఖాస్తు

బిష్కెక్‌లో నిలువనీడ లేనివాళ్ల ఆశ్రమానికి, సేవ చేయడానికి వచ్చేవాళ్లు పేరు నమోదు చేసుకునే వెబ్‌సైట్ తయారుచేసి, దరఖాస్తులూ తనే చూస్తోంది బెర్మెత్. మొదటి రోజే ఎసెన్‌కుల్ పేరు కనిపించింది. నాన్న పోయిన నెలకే, మంచు కురుస్తుండగా అమ్మనూ తననూ ఇంట్లోంచి గెంటేసిన బాబాయి.

తిరస్కరించింది. అతను మళ్లీ పంపాడు. నాలుగోసారి కూడా తిరస్కరించి, కసి తీరక ఫోన్ చేసింది.

“నేను, బెర్మెత్‌ని. ముసలితనంలో పుణ్యం కావలసొచ్చిందా బాబాయ్? మా గడప తొక్కనివ్వను.”

“పుణ్యం కాదు తల్లీ. ఇల్లు కాలిపోయింది. బజారు షెడ్డులో పడుకుంటున్నా. ఊరికే తిండి అడగడానికి సిగ్గేసింది. పనిచేస్తే గిన్నెడు షోర్పో, ఆ వేడి మాంసం పులుసు, పోస్తారన్నారు.”

బెర్మెత్ అతని దరఖాస్తు పేజీ మూసేసింది.

“పనేమీ వద్దు. తినడానికే రా,” అంది. “వరసలో నిలబడు. షోర్పో పోసేది మా అమ్మే. ఆమె ముందు గిన్నె చాపి, నోరు తెరిచి అడుగు.”