మాస్టారి జారు

"మాస్టారు అక్కడ జారలేదు. జారే మనిషి కాదాయన," అన్నాడు క్లెమెంట్, తడిసిన కోటైనా విప్పకుండా.

"జారారు. ఈ రెండు చెవులతో విన్నాను," అంది హెస్టర్.

"ఏ చెవులు? ఇప్పుడు మిషన్లు తగిలించుకున్నావే, ఆ చెవులేనా?"

"మిషన్లు పెట్టుకున్నా నీకంటే నయమే. నీకు అప్పుడూ వినపడేది కాదు."

బ్రయనీ ఇద్దరి మధ్యా టీ కప్పులు పెట్టింది. "కాసేపు ఊరుకోండి. ఎవరిది నిజమో తేల్చుకోవడానికేగా పిలిచాను."

ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లే. ఇద్దరూ ఆంబ్రోస్ హోల్‌రాయిడ్ మాస్టారి దగ్గర సెల్లో వాద్యం నేర్చుకున్నవాళ్లే, హాలిఫాక్స్ కొండ మీది ఈ ఇంట్లో, ఈ ముందు గదిలోనే. మాస్టారు జోలపాట వాయించేటప్పుడు, ఒకచోట కింది స్వరం నుంచి పై స్వరానికి వేలు తియ్యకుండా తీగ మీదే జారేవాడని హెస్టర్ అంటుంది. లేదు, వేలు ఎత్తి శుభ్రంగా వేసేవాడని క్లెమెంట్ అంటాడు. ఇంతే తగువు. ఈ తగువుతోనే ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు.

"నీ శిష్యులు వాయిస్తుంటే మంచు మీద కాలు జారినట్టుంటుంది," అన్నాడు క్లెమెంట్. "పైగా అది హోల్‌రాయిడ్ గారి బాణీ అని చెప్పుకోవడం ఒకటి!"

హెస్టర్‌కు ఆ మాట ములుకులా తగిలింది. జీవితమంతా ఆమె పిల్లలకు నేర్పింది ఆ జారే. 'మా మాస్టారు ఇలాగే వాయించేవారు' అని చెప్పకుండా ఏ పాఠమూ మొదలుపెట్టలేదు. అది అబద్ధమైతే ఇక ఆమె చెప్పిన పాఠాల్లో మిగిలేదేముంది?

మాస్టారు ఒంటరిగా వాయించిన రికార్డులు ఒక్కటీ మిగల్లేదు. యుద్ధంలో బాంబు పడి, రికార్డులు తీసే అచ్చు పలకలతో సహా గోదాములోనే కాలిపోయాయి. బ్రయనీ ఆయన మనవరాలు. పాత రికార్డుల గరగర తీసి బాగుచేయడం ఆమె వృత్తి. ఈ దేశపు సెల్లో విద్వాంసుల పాత రికార్డులన్నీ ఏరి సంపుటిగా తెస్తోంది. అందులో తాతగారికి చోటు లేదని బెంగపడుతుంటే, మొన్న అటక మీద పాత కర్టెన్ల మధ్య ఈ రికార్డు పళ్లెం దొరికింది. ఇంట్లోనే మిషను పెట్టి, వాయిస్తుండగా గాడులు కోసి తీసుకున్న రికార్డు అది.

"పైపూత పెచ్చులు లేస్తోంది. ముల్లు ఒక్కసారే పెట్టగలను," అంది బ్రయనీ. "నేను కూడా వినలేదు, మీరు రావాలని ఆగాను. ఇందులో ఎలా ఉంటే సంపుటిలో అలాగే రాస్తాను. ఆంటీ, సరేనా?"

"సరే," అంది హెస్టర్.

"అంకుల్?"

"పెట్టమ్మా," అన్నాడు క్లెమెంట్.

ముల్లు దిగింది. పెనం మీద నీళ్లు చల్లినట్టు చిటపటలు. ఆ చిటపటల వెనక నుంచి సెల్లో నెమ్మదిగా లేచింది.

జోలపాటే.

హెస్టర్ కళ్లు మూసుకుంది. ఈ గదిలో అప్పటి బొగ్గుపొయ్యి వెచ్చదనం, మాస్టారి పైపు పొగ, మాస్టారి భార్య ఎడిత్ అమ్మగారు కోసిపెట్టే అల్లం కేకు వాసన ఒక్కసారిగా చుట్టుముట్టాయి. వేలు తప్పు పడితే కమాను కొసతో కణుపుల మీద చిన్న దెబ్బ. బాగా వాయిస్తే మాత్రం ఒక్క మాట ఉండేది కాదు. మాస్టారు కిటికీ బయటికి చూసేవాడు, అంతే. ఆ ఒక్క మాట కోసం ఆమె ఆ కొండ ఎంత ఆశగా ఎక్కి వచ్చేదో!

పాట ఆ చోటికి వచ్చింది. క్లెమెంట్ ముందుకు వంగాడు.

కింది స్వరం నుంచి పై స్వరానికి సెల్లో జారింది. నిద్రపోయే బిడ్డను చంక మార్చుకున్నంత మెత్తగా.

హెస్టర్ చెంపల మీదుగా కన్నీళ్లు దిగాయి. క్లెమెంట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, చాలాసేపు.

"ఓడిపోయాను, హెస్టర్," అన్నాడు చివరికి. "జారారు. ఇంత అందంగా జారితే ఇన్నేళ్లూ లేదన్నాను. నన్ను క్షమించు."

"ఊరుకో, క్లెమ్," అంది హెస్టర్, అతని చెయ్యి పట్టుకుని. "మన మాస్టారు మళ్లీ దొరికారు, అది చాలదూ?"

పాట ముగిసింది. బ్రయనీ ముల్లు ఎత్తబోయి ఆగింది. పళ్లెం ఇంకా తిరుగుతోంది. గరగరలో ఏదో తలుపు మూసుకున్న చప్పుడు. దగ్గరికొస్తున్న అడుగులు. ఆ తర్వాత మాస్టారి గొంతు, పక్కనే నిలబడి మాట్లాడినట్టు:

"పిల్ల వెళ్లిపోయింది, ఇక మిషను ఆపెయ్, ఎడిత్. విన్నావా? అక్కడ జారకు, జారకు అని నెత్తీ నోరూ బాదుకున్నా మన హెస్టర్ వింటేనా! వినకపోవడమే మంచిదైంది, నేను జన్మలో అలా వాయించలేను... ఈ మాట మాత్రం దాని చెవిన వెయ్యకు."