సంతకం పెట్టని మనిషి

కాగితం మీద కంపెనీ ముద్ర ఇంకా ఆరలేదు. పెద్దకూతురి బొటనవేలికి నీలంగా అంటుకుంది.

నాన్న పోయి నెల. ఆయన ఆత్మశాంతికి చర్చిలో చేయించిన దివ్యబలిపూజ ముగియవచ్చింది. చివర్లో ఇంటివాళ్ళెవరైనా నాలుగు మాటలు చెప్పాలి.

ఆ నాలుగు మాటలూ నాన్న పనిచేసిన కంపెనీయే టైపు చేయించి పంపింది. తెచ్చిన మేనేజరు రెండో వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

‘ఆరోగ్యం సహకరించక, తానే కోరి స్టోరుకు మారారు.’

ఆ వాక్యం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

“చదివెయ్యక్కా,” అన్నాడు తమ్ముడు చెవిలో. అతనిదీ అదే కంపెనీ. ప్రమోషను ఇవాళో రేపో. “నాన్న ఎలాగూ తిరిగి రాడు. కొరివితో తల గోక్కోకు.”

అమ్మ జపమాల పూసల మీంచి తల ఎత్తలేదు.

“బతికుండగా ఈ కంపెనీవాళ్ళు పలకరించిన పాపాన పోలేదు. ఇప్పుడేమో చచ్చినవాడి కళ్ళు చారెడు,” అంది.

పెద్దకూతురు లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“మా నాన్న ఇంజనీరు. రోజూ పొద్దున్నే పూజకొచ్చి, ఇటునుంచి ఇటే సైటుకు వెళ్ళేవాడు. ఒక జేబులో జపమాల, ఇంకో జేబులో సుత్తి. ఆ బరువుకి ప్యాంటు జారిపోతోందని అమ్మ రోజూ తిట్టేది.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“కాంక్రీటును సుత్తితో తట్టి, చెవి పెట్టి వినేవాడు. మా చేతా వినిపించేవాడు. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల డొల్లయితే తెలిసిపోతుంది. నది మీద వంతెన కట్టినప్పుడు మూడో స్తంభం డొల్లగా పలికింది. అంతా బాగుందని సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు.”

మేనేజరు దగ్గాడు. ఫాదర్ వాచీ చూసుకున్నాడు.

“కంపెనీ పెద్దలు మా ఇంటికొచ్చారు. ‘పిల్లలు గలవాడివి, ఆలోచించుకో’ అన్నారు. ‘పిల్లలు గలవాణ్ణి కాబట్టే పెట్టను. రేపు వాళ్ళు బడికెళ్ళేది దానిమీంచే’ అన్నాడు మా నాన్న.”

అమ్మ వేళ్ళు ఒక పూస దగ్గర ఆగిపోయాయి.

“మర్నాడే స్టోరుకు పంపారు. ఆరోగ్యం బాగాలేక కాదు. అప్పటికాయన నిచ్చెన లేకుండా స్తంభాలెక్కేవాడు. పదకొండేళ్ళు బోల్టుల మధ్య కూర్చోబెట్టారు. అక్కడా ఊరుకున్నాడా? మర సరిగా లేని బోల్టుల్ని పెట్టెలకు పెట్టెలు వెనక్కి పంపాడు.”

ఈసారి నవ్విన గొంతులు ఎక్కువ.

“రెండేళ్ళకి మూడో స్తంభాన్ని పగలగొట్టి మళ్ళీ కట్టారు. మనమంతా పడవల్లో నది దాటాం, గుర్తుందా? ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేను చెప్తున్నా.”

మేనేజరు లేచి నిలబడ్డాడు.

“ఏంటమ్మా ఇది! దేవుడి సన్నిధిలో మాట్లాడే మాటలేనా ఇవి?”

“ఇక్కడ మాట్లాడేవేనండీ. అబద్ధమాడకూడదని మాకు నేర్పింది ఇక్కడే.”

“కూర్చోండి సార్,” అన్నాడు ఫాదర్ నెమ్మదిగా. “ఆమె ఇంకా ముగించలేదు.”

మేనేజరు కూర్చోలేదు. బూట్లు టకటకలాడించుకుంటూ గుమ్మందాకా వెళ్ళాడు. అక్కడ వెనక్కి తిరిగి తమ్ముడి వైపు చూశాడు. రమ్మన్నట్టు తల ఊపాడు.

తమ్ముడు లేచాడు.



అతను బెంచీ దాటి నడవలోకి వచ్చాడు. గుమ్మం కేసి ఒకసారి చూశాడు. తర్వాత మైకు వైపు నడిచి, ఆమె పక్కన నిలబడ్డాడు.

“అక్కా, కాస్త జరుగు. మిగతాది నేను చెప్తా,” అన్నాడు.